పక్షులు చూడాలంటే ఉప్పలపాడా, ఆటపాకా?

మన జంతువులను, పక్షులను పిల్లలకు చూపిద్దామనుకోగానే జూ గుర్తొస్తుంది. బెజవాడ నుంచి జూకి పోవాలంటే హైదరాబాదో విశాఖో తిరుపతో వెళ్ళాలి. అంత దూరం పోతే పులి కాస్తా నిద్రపోతూ ఉంటుంది. కాబట్టి దగ్గర్లో నా లెక్కకు వచ్చినవి రెండే: గుంటూరు పక్కన ఉప్పలపాడు, కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున ఆటపాక. మా అక్క పిల్లలిద్దరినీ రెండింటికీ తిప్పాను.

ఉప్పలపాడులో అడవేమీ లేదు, ఊరి చెరువు. అందులోని తుమ్మ చెట్ల మీద, చెట్లు చాలక పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కిక్కిరిసి ఉంటాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తింటుంటే మా చిన్నోడు "మామయ్యా, మింగేస్తోంది!" అని కేక పెట్టాడు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పొలాల్లో నత్తలను పట్టి తినేది ఆ ముక్కుతోనే. ఇవన్నీ బైనాక్యులర్స్ లేకుండానే కనిపించాయి. రెట్టల కంపు మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఆటపాకలోనూ గూడబాతులున్నాయి, బోటూ ఉంది. కానీ నాకు గుర్తుండిపోయింది దారే. రెండు వైపులా చేపల చెరువులు చూసి "కొల్లేరంటే ఇదేనా?" అని పెద్దది అడిగింది. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. సరస్సులో అక్రమంగా వేసిన చేపల చెరువుల గట్లను 2006లో పేల్చేశారు, తర్వాత మళ్ళీ కొన్ని లేచాయి. చెరువు మీద బతికే కుటుంబాలకు ఇంకేం దారి చూపించాలో తేల్చకుండా గట్లు కొడితే మళ్ళీ లేవవా? ఇది నా మాట, పిల్లకు చెప్పలేదు. బుడమేరు వాగు వచ్చి కలిసేది ఈ కొల్లేట్లోనే అని చెప్పాను. "నా పుస్తకాలు తడిపిన బుడమేరా?" అంది. వాళ్ళది బెజవాడ సింగ్ నగర్, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మూడు రోజులు డాబా మీదే ఉన్నారు. అక్కడి నుంచి ప్రశ్నలు ఆగలేదు.

అందుకే పదేళ్ళ లోపు పిల్లలుంటే నేను ఉప్పలపాడే అంటాను, రెండో ఆలోచన అక్కర్లేదు. హైస్కూలు పిల్లలైతే కొల్లేరు, అదీ పక్షుల లెక్క కోసం కాదు, ఆ దారి కోసం. ఇద్దరూ ఉండి, చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే? చలికాలంలో ఉప్పలపాడుకే పొండి. మేతకు పోయినవి గుంపులుగా తిరిగొచ్చే సాయంత్రం దాకా ఉండండి. టోపీ తప్పనిసరి.