హన్మకొండలో ఇంటి సోలార్: కంపెనీ మాట ఎంతవరకు నమ్మవచ్చు?

కరెంటు బిల్లు ఇక ఉండదని, సబ్సిడీ పోను చేతినుంచి పెద్దగా పడదని చెబుతూ హన్మకొండ, కాజీపేట కాలనీల్లో సోలార్ ఏజెంట్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. అలాంటి ఒక కంపెనీతోనే మా డాబా మీద 3 కిలోవాట్ల ప్లాంటు పెట్టించాను. రెండు ఎండాకాలాలు గడిచాయి. కంపెనీ మోసగాళ్లది కాదు. ఏజెంటు మాటల్లో మాత్రం సగం నిలబడలేదు.

ఇళ్ల సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయలు కంపెనీ చేతికి పోవు. ప్లాంటు బిగించి, మనం వాడిన కరెంటునూ బయటికి పంపిన కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటరు పెట్టి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ పూర్తయ్యాక నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడతాయి. కనుక సబ్సిడీ మంజూరు ఖర్చులంటూ ఎవరైనా ముందే విడిగా డబ్బు అడిగితే అనుమానించవలసిందే. నన్నూ అడిగారు; రసీదులో ఏమని రాసిస్తారని అడిగాక ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఈ పథకం జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు నా ఫోను నంబరుతో నేనే చేసి, అక్కడి విక్రేతల జాబితాలో కంపెనీ పేరు చూసుకున్నాకే అడ్వాన్సు ఇచ్చాను.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి ప్యానెళ్లు. సబ్సిడీ రావాలంటే ప్యానెలే కాక అందులో కరెంటు పుట్టించే సెల్స్ కూడా మన దేశంలో తయారైనవై ఉండాలి. డీసీఆర్ అనే ఈ రకానికి ధర ఎక్కువ. మరీ తక్కువకు ఇచ్చిన కొటేషన్లలో ఆ మాటే ఉండదు. మా ప్యానెళ్లను పైకి ఎక్కించకముందే, వెనుక అంటించిన సీరియల్ నంబర్లను ఇన్‌వాయిస్‌తో ఒక్కొక్కటిగా సరిచూశాను. బిగించేవాళ్లు ఎండలో నిలబడి విసుక్కున్నారు కాని, ఒక నంబరు తేడా బయటపడి ఇన్‌వాయిస్ మార్చి ఇవ్వవలసి వచ్చింది.

ఎండ బాగా ఉన్న రోజు 12 యూనిట్ల దాకా వస్తుంది, ముసురు పట్టిన రోజు అందులో సగమైనా రాదు. బిల్లు బాగా తగ్గింది, సున్నా కాలేదు. ఫిక్స్‌డ్ ఛార్జీలు వస్తూనే ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద ఇప్పటికే సున్నా బిల్లు వస్తున్న ఇంటికి ఇంత పెట్టుబడి దేనికో నాకు అర్థం కాదు.

కరెంటు పోయినా ఇల్లు నడుస్తుందన్న మాట మాత్రం పచ్చి అబద్ధం. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కు ప్రమాదం కాకూడదని, సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద ప్యానెళ్లు మండిపోతుంటే కింద ఫ్యాను తిరగదు.

కోతులు ఒకసారి కేబుల్ పీకేసినప్పుడు కంపెనీ ఫోను ఎత్తలేదు. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వారిదేనన్న ఒప్పందం పేజీని జతచేసి ఉత్తరం రాశాక మనిషి వచ్చి పైపు వేసి బిగించాడు, డబ్బు అడగలేదు.