తొరైపాక్కంలో ఒక డే కేర్: పగలు బాగుంది, చిక్కంతా సాయంత్రమే

చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద తొరైపాక్కం దగ్గర, సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న ఒక భవన సముదాయం కింది అంతస్తులో నడుస్తున్న డే కేర్ గురించి ఈ సమీక్ష. ఆ భవనంలోని కొన్ని కంపెనీలు కలిసి దానితో ఒప్పందం చేసుకున్నాయి. నా భార్య పనిచేసే కంపెనీ వాటిలో ఒకటి. కేంద్రం పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాల్లో సగం దాని సొంతం కావు, ఈ రోడ్డు మీద చాలా చోట్ల అదే పద్ధతి. మా పాప తొమ్మిదో నెలలో అక్కడ చేరింది, ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. నేనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినే, కాకపోతే నా ఆఫీసు చెన్నైలోనే గిండీలో.

ముందుగా బాగున్నది చెప్పాలి. పాలు తాగే పిల్లలకూ, నడిచే పిల్లలకూ వేరువేరు గదులున్నాయి. ఎవరి దుప్పటి వాళ్ళదే, మూలన పేరు కుట్టి ఉంటుంది. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం; సాయంత్రం అరటిపండో, మెత్తగా ఉడికించిన శనగల గుగ్గిళ్ళో పెడతారు. రోజూ ఒక చిన్న నోట్‌బుక్కులో ఎన్ని ముద్దలు తిన్నదీ, ఎంతసేపు పడుకున్నదీ, ఎన్నిసార్లు డయపర్ మార్చినదీ రాసి సంచిలో పెట్టి పంపుతారు. ఫోన్‌లో కెమెరా చూసుకునే యాప్ కూడా ఇచ్చారు గానీ, ఆ నోట్‌బుక్కు చెప్పినంత విషయం కెమెరా చెప్పదు. ఆయాల్లో ఒకావిడది నాయుడుపేట. ఆవిడ పుణ్యమా అని మా పాప ముద్దను తెలుగులో అడుగుతుంది, వద్దనుకుంటే మాత్రం ‘వేండాం’ అని తమిళంలో తోసేస్తుంది.

ఆయాలు తరచూ మారిపోవడం ఒక లోపం. ఎక్కువ మంది పెరుంబాక్కం వైపు నుంచి వస్తారు. 2021 మే నుంచి తమిళనాడు ప్రభుత్వం సాధారణ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించడంతో ఆ జీతంలో బస్సు ఖర్చైనా మిగులుతోందని వాళ్ళే అంటారు. వాళ్ళ పిల్లల్ని ఎవరు చూస్తున్నారని అడిగితే అత్తగారనో పక్కింటివాళ్ళనో చెబుతారు, కంపెనీలు రాసుకున్న ఒప్పందంలో ఆయాల పిల్లలకు సీటు లేదు మరి.

అసలు చిక్కు వేళలది. కేంద్రం ఉదయం ఎనిమిదింటికి తెరిచి సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు. ఆ తరువాత ప్రతి పావుగంటకూ 150 రూపాయల జరిమానా, నెలలో మూడోసారి ఆలస్యమైతే మేనేజరు నుంచి ఒక ఈమెయిల్. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదయ్యేసరికి మనకు వేసవిలో సరిగ్గా సాయంత్రం ఆరున్నర అవుతుంది. నవంబరు మొదట్లో అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరిగితే మార్చి దాకా అదే సమయం మనకు ఏడున్నరకు పడుతుంది. అమెరికా క్లయింటుతో పనిచేసే చాలా టీములు పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే రోజువారీ స్టేటస్ కాల్ పెట్టుకునేది ఆ వేళకే. అంటే ఈ భవనంలో పై అంతస్తుల్లో అతి ముఖ్యమైన సమావేశం మొదలయ్యే వేళకు కింది అంతస్తులో తలుపు మూతపడుతుంది. ఒకే లిఫ్టు వాడుకునే రెండు అంతస్తుల వాళ్ళు ఒకరి వేళలు ఒకరు చూసుకోకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

నా భార్య టెస్ట్ లీడ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే బృందానికి పెద్ద. ఆరూ ఇరవైకి లాప్‌టాప్ మూసి కిందికి దిగి, పాపను ఎత్తుకుని క్యాబ్ ఎక్కి, మైక్ మ్యూట్‌లో పెట్టి కాల్‌లో చేరుతుంది. మెట్రో పనులతో ఇరుకైన ఆ రోడ్డు మీద షోళింగనల్లూరులోని మా ఇంటికి చేరేలోపే కాల్ ముగిసిపోతుంది. తను చెప్పాల్సిన డిఫెక్ట్ లెక్కలు ముందే మెయిల్‌లో పంపి ఉంటుంది కనుక పని ఎక్కడా ఆగదు. అయినా పనితీరు మీద ఇచ్చే అప్రైజల్‌లో ‘విజిబిలిటీ పెంచుకోవాలి’, అంటే నలుగురి కంట్లో పడాలి అని రాశారు. అదే టీమ్‌లో అదే వేళకు కుర్చీలో తీరిగ్గా కూర్చుని మాట్లాడే మగవాళ్ళలో ముగ్గురికి చిన్న పిల్లలున్నారు. వాళ్ళ పిల్లల్ని ఆ వేళకు ఇంకెవరో, ఇంకేదో ఆఫీసు నుంచి లేచి వెళ్ళి తెచ్చుకుంటున్నారన్న మాట.

సాంకేతిక రంగంలో ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారన్న చర్చ వచ్చినప్పుడల్లా అమ్మాయిలను చదువుల్లోకి ప్రోత్సహించాలని అంటూ ఉంటారు. మన తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్సు తరగతిలోకి ఒకసారి తొంగిచూసినవారెవరూ ఆ మాట అనరు. దేశంలో ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా మహిళలే; పై హోదాలకు వెళ్ళేకొద్దీ ఆ వాటా తరిగిపోతుంది. ఉద్యోగంలో చేరేవాళ్ళకు లోటు లేదు, ముప్పై దాటాక నిలబడగలిగేవాళ్ళకే లోటు. ఆ వయసుకూ డే కేర్‌లో చేరే పిల్లల వయసుకూ ఉన్న లంకె కనిపెట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల వేతన సెలవుతో పాటు, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ సదుపాయం కల్పించాలనీ, మహిళా ఉద్యోగిని రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్ళనివ్వాలనీ చెప్పింది. ఈ డే కేర్ ఉన్నది ఆ నిబంధన పుణ్యమే. అయితే ఆ నాలుగు సార్లు వెళ్ళే హక్కు తల్లికే రాశారు, తండ్రి ఊసు అందులో లేదు. కంపెనీలు దానినే పట్టుకుని ఫీజులో రాయితీ మహిళా ఉద్యోగులకు మాత్రమే అన్నాయి. మాకు నెలకు 14 వేల ఫీజులో సగం నా భార్య కంపెనీ భరిస్తోంది. పాపను నా ఆఫీసు దగ్గర చేర్చి ఉంటే ఒక్క రూపాయీ వచ్చేది కాదు. కనుక పాప తల్లి ఆఫీసు కింద చేరింది, కనుక తెచ్చుకోవలసిందీ తల్లే అయింది, కనుక ఆరూ ఇరవైకి లేచేదీ ఆవిడే అయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. సెలవు సంగతీ అంతే. నెలకు 21,000 రూపాయల లోపు జీతాలున్నవారికి ప్రసూతి సెలవు డబ్బు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ) చెల్లిస్తుంది, ఆ పైన సాఫ్ట్‌వేర్ జీతాలకు ఆ భారమంతా కంపెనీదే. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే ఎదుటివాళ్ళ మనసులో ఏ లెక్క నడుస్తుందో వేరే చెప్పాలా?

ఈ ఊరికే చెందిన తెలుగు ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. దేశంలోని తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరు. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చేతిలో నెలల పసిబిడ్డతో మిగిలాక ఆమె ఆ చదువులో చేరారు. ఆ తరువాత సిమ్లాలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు సోదరుడి ఇంట్లో ఉండి పనిచేశారు. పుట్టింటివాళ్ళు బిడ్డను చూసుకున్నారు కాబట్టే ఆ పట్టా ఉద్యోగంగా మారిందని నా అభిప్రాయం. ఇప్పుడు ఓఎంఆర్ మీద అద్దె ఇళ్ళలో ఉంటున్న నెల్లూరు, ఒంగోలు, కర్నూలు వాళ్ళకు ఆ పుట్టింటి చోటులో ఉన్నది డే కేరే, కనుక దాని వేళలు ఇంటి విషయమని వదిలేయడానికి వీల్లేదు.

మరొక్క ఫిర్యాదు. చేర్చేటప్పుడు ఫారంలో మొదటి నంబరుగా నాది రాశాను. పాపకు జ్వరం తగిలినా, డయపర్లు అయిపోయినా ఫోన్ మాత్రం నా భార్యకే వచ్చేది. అడిగితే వాళ్ళ రిజిస్టరులో ‘తల్లి ఫోన్’ అని ఒక్క గడే ఉందని చూపించారు. ఇప్పుడు ఆ గడిలో పెన్నుతో నా నంబరు రాయించాను. ఫోన్లు నాకే వస్తున్నాయి. కాకపోతే ప్రతిసారీ ‘మేడమ్ లేరా సార్?’ అనే మొదలుపెడతారు.

వేళల గురించి మేమూ, మరికొందరు తల్లిదండ్రులూ కలిసి రాసి ఇచ్చాము. రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరవాలంటే రెండో షిఫ్టుకు ఆయాలను పెట్టాలనీ, వాళ్ళను ఇళ్ళకు దింపే బండి ఖర్చు కంపెనీలు ఒప్పుకుంటే తమకు అభ్యంతరం లేదనీ నిర్వాహకురాలు చెప్పారు. న్యాయమైన మాటే. కంపెనీల హెచ్‌ఆర్ వాళ్ళు ఇంకా జవాబివ్వలేదు.

పిల్లల సంరక్షణ వరకు ఐదుకు నాలుగు, వేళలకు రెండు ఇస్తాను. యూరప్ క్లయింట్లతో పనిచేసేవారికీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నవారికీ నిస్సంకోచంగా చెప్పవచ్చు. అమెరికా షిఫ్టు అయితే చేర్చే ముందు ఉదయం పూట కాక సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడండి, ఆ వేళకు ఎంత మంది పిల్లలకు ఎంత మంది ఆయాలున్నారో తెలుస్తుంది. రాయితీ తండ్రికీ వర్తిస్తుందా అని మీ హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఏడాది లోపు పిల్లల గదిలో సీట్లు తక్కువ, ప్రసూతి సెలవు మొదలైన నెలలోనే పేరు రాయించుకుంటే మంచిది.