వడోదరలో కొలాగ్రాఫ్ వర్క్‌షాప్: వెళ్లేవాళ్లకు నా మాట

కొలాగ్రాఫ్ అనే అచ్చుచిత్రాల పద్ధతి నేర్చుకోవడానికి వడోదర వెళ్లాలనుకుంటే వానాకాలం మాత్రం పెట్టుకోకండి. ఇందులో రాగిరేకు, యాసిడ్ అక్కర్లేదు. మందపాటి అట్ట మీద ఆకులు, లేసు, ఇసుక, గరుకు కాగితం ముక్కలు ఫెవికాల్‌తో అంటించి, పైన షెల్లాక్ (లక్క వార్నిష్) పూసి, ఆ ప్లేటుకు ఇంకు పట్టించి, తడి కాగితం మీద అచ్చు తీస్తారు. పూత సరిగ్గా ఆరకపోతే తడి కాగితం ప్లేటును పట్టుకుని ఊడిరాదు. చలికాలంలో ఆ బెంగ తక్కువ.

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ ఎక్స్‌ప్రెస్ వడోదర మీదుగానే వెళ్తుంది. బస సయాజీగంజ్‌లో చూసుకోండి. స్టేషను, యూనివర్సిటీ, సయాజీబాగ్ మ్యూజియం అన్నీ దగ్గరే. నేను దిగిన లాడ్జిలో రాత్రంతా రోడ్డు చప్పుడే, వేడినీళ్లు పొద్దున పూటే వచ్చేవి. సాయంత్రం చేతులకు ఇంకుతో వచ్చేవాళ్లకు అది పెద్ద ఇబ్బంది. గది తీసుకునేముందే అడగండి.

వర్క్‌షాప్ ఒక ప్రైవేటు స్టూడియోలో జరిగింది. నాకు బాగా నచ్చింది, మొదటే బొమ్మ వేయించకుండా చిన్న చిన్న ముక్కల మీద పరీక్షలు చేయించడం. ఒకే రకం రావి ఆకుకు ఒకచోట పల్చటి పూత, ఇంకోచోట మందం పూత. పల్చటి పూత కింద ఈనెలు వెంట్రుకల్లా అచ్చుపడ్డాయి, మందం పూత కింద పూడిపోయాయి. జిగురుతో కుంచె గీతలు గీసి కార్బొరండం (సానపట్టే గరుకు) పొడి చల్లితే, ఆ గరుకులో ఇంకు నిలిచి మఖమల్ లాంటి నలుపు వస్తుంది. నున్నటి టేపు అంటించినచోట ఇంకు తుడుచుకుపోయి తెలుపు మిగులుతుంది. ఈ రెండింటి మధ్య ఛాయలన్నీ గంజిగుడ్డతో తుడిచే చేతిలోనే ఉన్నాయి.

ఆఖర్న రంగుల పని. చిత్తూరు జిల్లాలో పుట్టి, పారిస్‌లోని అటెలియె 17 అనే అచ్చుచిత్రాల స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి గారి విస్కాసిటీ (ఇంకు చిక్కదనం) పద్ధతిని కొలాగ్రాఫ్ మీద చూపించారు. గట్టి రోలరు మిట్టలకే తగులుతుంది, మెత్తటిది పల్లాల్లోకీ దిగుతుంది. నూనె పాళ్లు మార్చిన ఇంకులు ఒకదానితో ఒకటి కలవకుండా ఒకే ప్లేటు మీద నిలబడతాయి. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు చదువుకున్న ఊళ్లో మన కృష్ణారెడ్డి గారి పద్ధతి నేర్చుకోవడం నాకెంతో గర్వంగా అనిపించింది.

లోటంటే, అందరికీ కలిపి ఒక్కటే ప్రెస్, చాలాసేపు ఆగాల్సి వచ్చింది. మంచి కాగితానికి డబ్బులు విడిగా తీసుకున్నారు. ఎంతమందిని చేర్చుకుంటారో, ఫీజులో ఏమేమి కలిసి ఉంటాయో ఫోన్లోనే తేల్చుకోండి.

ప్లేట్లు ఆరేలోపు ఫతేసింగ్ మ్యూజియం చూసి రండి. అచ్చుల్లోనే చూసిన రవివర్మను అక్కడ అసలు తైలవర్ణాల్లో చూడొచ్చు. సమయం తక్కువుంటే లక్ష్మీవిలాస్ ప్యాలెస్ మానేసైనా ఇదే చూడమంటాను. తిండికి సేవ్ ఉసళ్ (బఠానీల కూర మీద సేవ్ చల్లింది) ఉంది, మన నోటికి సరిపడా కారంగానే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, నూనె ఇంకు అంత తొందరగా ఆరదు. ప్రింట్లు చుట్టకండి, ఉబ్బెత్తు అణిగిపోతుంది. మధ్యలో టిష్యూ పెట్టి, రెండు అట్టల నడుమ పడుకోబెట్టి తెచ్చుకోండి.