దవడ పంటికి ఇంప్లాంట్: ఏడాది వాడాక మా అభిప్రాయం

విజయవాడలోని ఒక దంత వైద్యశాలలో మా అమ్మగారికి కింది దవడలో పోయిన పెద్ద పన్ను స్థానంలో ఇంప్లాంట్ (వేరుకు బదులుగా ఎముకలో బిగించే టైటానియం స్క్రూ) పెట్టించి, పైన క్యాప్ బిగించి ఏడాది దాటింది. పక్క పళ్ల ఆసరాతో నిలిచే బ్రిడ్జి కట్టించాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీయవలసి వచ్చేది కాబట్టి, ఖర్చు ఎక్కువైనా దీనికే మొగ్గు చూపాము.

ఈ వైద్యశాలలో మాకు అన్నింటికంటే నచ్చింది తొందరపెట్టకపోవడం. అంతకుముందు చూపించిన మరొక చోట షుగర్ మాటే అడగకుండా తేదీ ఇచ్చేశారు. ఇక్కడ మాత్రం గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, షుగర్ అదుపులోకి వచ్చేదాకా చికిత్స వాయిదా వేశారు. షుగర్ అదుపులో లేకపోతే పుండు మానడం ఆలస్యమవుతుందని, ఎముక స్క్రూను సరిగా పట్టుకోదని ఓపికగా చెప్పారు. దవడను త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ తీసి, కింది దవడలో నరం ఎక్కడ ఉందో, దానికి ఎంత ఎడంగా స్క్రూ ఆగుతుందో తెర మీద చూపించారు.

ఎముకలో రంధ్రం చేస్తున్నంతసేపూ చల్లని సెలైన్ పోస్తూనే ఉన్నారు. వేడి 47 డిగ్రీలకు చేరి నిమిషంపాటు నిలిచినా ఎముక దెబ్బతింటుంది. టైటానియంతో ఎముక అతుక్కుపోతుందని స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో గమనించి, 1965లో తొలిసారి మనిషి దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. ఆ అతుకు గట్టిపడడానికి నెలలు పడుతుంది గనుక, మాకూ మూడు నెలలు దాటాకే క్యాప్ కొలతలు తీసుకున్నారు. సహజమైన పంటి వేరు చుట్టూ ఉండే మెత్తని పొర ఇంప్లాంటుకు ఉండదు, నమిలే బరువంతా నేరుగా ఎముక మీదే పడుతుంది. అందువల్ల క్యాప్ పెట్టిన రోజున నీలిరంగు కాగితం కొరికించి, మచ్చ పడిన చోటల్లా కొద్దికొద్దిగా అరగదీస్తూ చాలాసేపు సరిచేశారు. ఇప్పుడు అమ్మగారు జంతికలు కూడా ఆ పక్కనే నములుతున్నారు.

లోపాలూ ఉన్నాయి. మొదట చెప్పిన ధరలో క్యాప్ కలవలేదన్న సంగతి మేము గుచ్చి అడిగితే గానీ తెలియలేదు. స్క్రూ కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డు కూడా అడిగితేనే ఇచ్చారు. రేపు మరో ఊరిలో క్యాప్ వదులైతే అక్కడి డాక్టరుకు ముందుగా కావలసింది ఆ వివరాలే.

పదేళ్ల తరువాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నోటిలో నిలిచే ఉంటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే నిలిచి ఉన్నవన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. చుట్టూ చిగురు వాచి, నొప్పి లేకుండానే లోపల ఎముక తరిగిపోవచ్చు. పొగ తాగేవారికి, ఇదివరకే చిగుళ్ల జబ్బు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఈ వైద్యశాలవారు ఆరు నెలలకొకసారి తామే ఫోన్ చేసి పిలుస్తారు, పళ్ల సందుల్లో చిన్న బ్రష్ ఎలా తిప్పాలో అద్దంలో చూపిస్తారు, ఎక్స్‌రే తీసినప్పుడు ఎముక మట్టాన్ని మొదటి రోజు ఫిల్ముతో పోల్చి చెబుతారు. ధర విషయం ముందే కాగితం మీద రాయించుకునేవారికి ఈ చోటును నిస్సంకోచంగా సూచిస్తాను.