యోనా ప్రార్థన చదవడానికి సేఫారియా ఎంతవరకు పనికొస్తుంది?

దేవుడు పంపిన చోటికి వెళ్లకుండా పారిపోయి, చేప కడుపులో పడ్డ బైబిల్ ప్రవక్త యోనా అక్కడి ప్రార్థనలో ‘కాపాడు’ అని అడగడు. అప్పటికే గండం గట్టెక్కినట్టు కృతజ్ఞతలు చెబుతాడు. పారిపోయినందుకు క్షమాపణ ఒక్క ముక్కైనా ఉండదు. ఈ ముడిని యూదు పండితులు ఎలా విప్పారో చూడాలంటే, యూదు గ్రంథాలనూ వ్యాఖ్యానాలనూ ఒకచోట చేర్చిన సేఫారియా చాలా మంచి చోటు. వెబ్‌సైటు, ఫోన్ యాప్ రెండూ ఉచితమే.

ముందు వచనాల లెక్క సరిచూసుకోండి. తెలుగు బైబిల్లో యోనా 1:17 సేఫారియాలో 2:1 అవుతుంది. మన 2:2–9లోని ప్రార్థన అక్కడ 2:3–10. ఇది మరిస్తే ఒక వచనానికి రాసిన వ్యాఖ్య పక్క వచనానికి అంటగట్టేస్తాం. కింద ఇచ్చినవి సేఫారియా అంకెలే.

వచనం మీద నొక్కితే వ్యాఖ్యానాల జాబితా తెరుచుకుంటుంది. 2:2 దగ్గర మధ్యయుగ యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రాను వదలొద్దు. యోనా ఒడ్డున పడ్డాకే ప్రార్థించాడన్న వాదాన్ని ఆయన ఒప్పుకోడు. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం ప్రవక్తల పద్ధతే అంటాడు. మరో మధ్యయుగ వ్యాఖ్యాత రాషి దారి వేరు. మగ చేప కడుపు విశాలంగా ఉండడంతో యోనాకు ప్రార్థించాలనే అనిపించలేదట. పిల్లలతో నిండిన ఆడ చేపలోకి మారాక, ఇరుకు భరించలేక మొరపెట్టాడట. మొండికేసిన ప్రవక్త మనసును ఇంత సూటిగా పట్టుకున్న వ్యాఖ్య అరుదు.

అంతకన్నా విలువైనది మిద్రాష్ (యూదు గురువుల పాత వ్యాఖ్యాన కథలు) విభాగంలో ఉంది. అక్కడి పిర్కె దె రబ్బీ ఎలియేజెర్ అనే గ్రంథం 10వ అధ్యాయం ప్రకారం, మొక్కు చెల్లిస్తానన్న మాట యోనా నోట వచ్చేదాకా అతనికి జవాబు రాలేదు. అంటే ప్రార్థన మలుపు తిరిగేది 2:10లో. క్షమాపణ ఏదీ అని వెతికేవాళ్లు అక్కడ ఆగి చూడాలి.

2:4 పక్కన కీర్తన 42:8 (మన 42:7) తెరిచి పెట్టుకోండి. అలలు తనను ముంచెత్తాయన్న వాక్యం హీబ్రూలో రెండు చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

లోపాలూ ఉన్నాయి. మెనూలు ఇంగ్లిష్, హీబ్రూల్లోనే; తెలుగు లేదు. అన్ని వ్యాఖ్యానాలకూ ఇంగ్లిష్ అనువాదం దొరకదు. హీబ్రూ మాట మీద నొక్కితే నిఘంటువు వస్తుంది గానీ, దాంతో ఇబ్న్ ఎజ్రా క్లుప్త వాక్యాలు కొరుకుడుపడవు. ఈ ప్రార్థనను తర్వాత చేర్చారా అన్న ఆధునిక పరిశోధకుల చర్చ ఇక్కడ పెద్దగా ఉండదు, దానికి వేరే పుస్తకాలు చూసుకోవాలి.

యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం యోనా గ్రంథమంతా చదువుతారు కాబట్టి, దాని మీద వాడుకరులు తయారుచేసిన షీట్లు (వచనాలూ వ్యాఖ్యలూ కూర్చిన పేజీలు) కూడా కనిపిస్తాయి. షీట్ ఎవరైనా రాయొచ్చు. అందులో రాషి పేరుతో ఏమున్నా, అసలు వచనం తెరిచి సరిపోల్చాకే పాఠంలో వాడండి.