లేఅవుట్ తెలుసు, ‘లెయిడ్ అవుట్’ తెలీదు: సప్తగిరి సర్కిల్ జిరాక్సు మెటీరియల్ ఎలా ఉందంటే

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక జిరాక్సు షాపులో అమ్ముతున్న 64 పేజీల స్పైరల్ బైండింగ్ మెటీరియల్ ఇది. ధర 90 రూపాయలు. ఫ్రేజల్ వెర్బుల నుంచి, అంటే ‘బ్రేక్ డౌన్’ లాంటి రెండు మాటల క్రియల నుంచి పుట్టిన నామవాచకాలు తప్ప ఇందులో ఇంకేమీ లేదు. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్షల్లో తప్పులు పట్టే ప్రశ్నలకు చదివేవాళ్ల కోసం తయారుచేశారు.

మొదటి పదిహేను పేజీలకే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. మనకు నామవాచకమే ముందు తెలుసు, క్రియ తెలీదు అనే దగ్గర మొదలుపెట్టారు. కళ్యాణదుర్గం రోడ్డు మీద వెంచర్ల బోర్డులు చూసేవాళ్లకు లేఅవుట్ అంటే ఏమిటో చెప్పాలా? కటౌట్, ప్రింటౌట్, చెకప్ కూడా అంతే. వీటికి ‘చేయు’, ‘అవు’ తగిలించి వాడేస్తాం: బ్యాకప్ చేశా, బస్సు బ్రేక్‌డౌన్ అయింది. అదే అలవాటు ఇంగ్లీషులోకి పోయి ‘బ్యాకప్డ్’, ‘పికప్ యూ’ పుట్టుకొస్తాయి.

దీనికి రెండు పరీక్షలు చెప్పారు, రెండూ పనికొచ్చేవే. వాక్యాన్ని నిన్నటికి మార్చండి. ‘బ్యాక్డ్ అప్’, ‘లెయిడ్ అవుట్’ అని మొదటి ముక్క మారితే అది క్రియ, విడిగా రెండు మాటలుగా రాయాలి. ముందు ‘ఎ’ గానీ ‘ది’ గానీ నిలిస్తే నామవాచకం. దాన్ని కలిపి రాయాలి, లేదా మధ్యలో హైఫన్ పెట్టాలి. టేకాఫ్, చెకిన్ లాంటివాటికి బ్రిటిష్ నిఘంటువులు హైఫన్ పెడతాయి, అమెరికన్లు టేకాఫ్‌ను కలిపేస్తారు. ఈ తేడా మాత్రం మెటీరియల్‌లో లేదు.

తిరగేసిన జంటల పేజీ చాలా బాగుంది. అవుట్‌బ్రేక్ అంటే డెంగీ లాంటిది ఒక్కసారిగా ప్రబలడం, బ్రేకవుట్ అంటే జైలు నుంచి తప్పించుకోవడం. అవుట్‌లే అంటే పెట్టే ఖర్చు, లేఅవుట్ అంటే అమరిక. టేకోవర్ కంపెనీని చేజిక్కించుకోవడం, ఓవర్‌టేక్ లారీని దాటడం.

బహువచనం దగ్గర కాలు జారింది. ‘పాసర్స్‌బై’, ‘రన్నర్స్‌అప్’ అని సరిగ్గానే ఇచ్చి, అదే ఊపులో ‘బ్రేక్స్‌డౌన్’ అని అచ్చేశారు. మొదటి ముక్క మనిషిని చెప్పే నామవాచకమైతే ‘ఎస్’ అక్కడ చేరుతుంది. మిగతావాటికి సాధారణంగా చివరే: బ్రేక్‌డౌన్స్, చెకప్స్. ఇంకో తప్పు, సర్వనామం ఎప్పుడూ మధ్యలోకే వస్తుందనడం. ‘పిక్ హిమ్ అప్’ నిజమే, కానీ ‘లుక్ ఆఫ్టర్’ విడిపోదు. అక్కడ ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనే అనాలి. ఈ రెండూ పెన్నుతో దిద్దుకుని చదవండి, ఎందుకంటే ఎగ్జామినర్లు సరిగ్గా ఇక్కడే మెలిక పెడతారు.

ఉచ్చారణ భాగం మాత్రం దండగ. సూత్రం సరైనదే: సాధారణంగా నామవాచకంలో ఒత్తు (గట్టిగా పలకడం) మొదటి ముక్క మీద, క్రియలో రెండోదాని మీద పడుతుంది. ‘బ్రేక్‌డౌన్’ అన్నప్పుడు బ్రేక్ గట్టిగా, ‘బస్ బ్రోక్ డౌన్’ అన్నప్పుడు డౌన్ గట్టిగా. తెలుగు చెవికి దీర్ఘం వినబడినంత తేలిగ్గా ఈ ఒత్తు వినబడదు, అందుకే బొద్దక్షరాలు వాడారు. కానీ జిరాక్సుకు జిరాక్సు తీయడంతో అన్నీ ఒకే నలుపులోకి దిగాయి. డబ్బులిచ్చే ముందు 41వ పేజీ తెరిచి చూడండి, బొద్దు కనబడకపోతే ఇంకో కాపీ అడగండి.