మిల్లు కాటా, పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడలో మా బియ్యం మిల్లు కాటా లెక్కలు ఆరేళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. వెర్షన్ 12తో మొదలుపెట్టి ఇప్పుడు 16లో ఉన్నాం. వేగం, ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. నాకు ప్రాణం లాంటిది దాని లాగ్, అంటే ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా.

పాత గుమస్తాలు ముందు చిట్టా రాసి, తర్వాత ఆవర్జాకు ఎక్కించేవారు. ఇదీ అంతే. లారీ బరువు, తేమ శాతం లాగ్‌లో పడి డిస్కుకు చేరాకే నమోదైందని చెబుతుంది. పట్టికలోకి తీరిగ్గా ఎక్కిస్తుంది. మూడో ఏడు యాసంగిలో మా కుర్రవాడొకడు ఒక్క రైతు తరుగు సరిచేయబోయి, షరతు రాయడం మరచి, సీజన్ చీటీలన్నిటి తరుగూ ఒకే అంకె చేసేశాడు. ఆదివారం తీసిన పూర్తి బ్యాకప్ మీద లాగ్ ఫైళ్లను వరుసగా నడిపించి 4 గంటల 10 నిమిషాల దగ్గర ఆపాను. పాడవక ముందరి లెక్కలు లేచి వచ్చాయి. అప్పటి నుంచి అడిగిన ప్రతి మిల్లువాళ్లకూ, ఏ నిమిషానికైనా వెనక్కి వెళ్లవచ్చని చెబుతూ వచ్చాను.

రెండేళ్ల కిందటి వానాకాలం కోతల్లో జరిగింది వేరు. నల్లగొండ ఆఫీసులో రిపోర్టుల కోసం నకలు సర్వర్ ఒకటి పెట్టి, దానికి స్లాట్ కట్టాను. ఆ సర్వర్ అందుకునేదాకా ఒక్క లాగ్ ఫైలునూ తీసేయకుండా కాపలా కాయడమే స్లాట్ పని. ఆఫీసు మారుస్తూ శనివారం సాయంత్రం ఆ సర్వర్ ఆపేశారు. నాకు తెలియదు. నేనేమో నిమిషానికోసారి లాగ్ ఫైలు మూసి బయటి డిస్కుకు పంపేలా పెట్టి ఉన్నాను. ఆ నిమిషంలో ఒక్క చీటీ పడినా ఫైలు మాత్రం నిండు 16 ఎంబీ. గంటకు 960 ఎంబీ, రోజుకు 23 జీబీ. మామూలుగా పాతవి తిరిగి వాడుకుంటుంది కాబట్టి కనబడదు. స్లాట్ పట్టుకుని కూర్చోవడంతో 120 జీబీ ఖాళీ నిండి, శుక్రవారం తెల్లవారుజామున మూడున్నరకు డేటాబేస్ ఆగిపోయింది. గేటు బయట రోడ్డు పొడవునా వడ్ల ట్రాక్టర్లు. చలిలో రైతులు.

"అన్నా, ఇవన్నీ లాగ్ ఫైళ్లే కదా, పాతవి తీసేద్దామా?" అన్నాడు కుర్రవాడు. చేయి పట్టుకుని ఆపాను. పేరులో లాగ్ అని చూసి ఇలా తీసేసి డేటాబేస్‌లు పోగొట్టుకున్నవారు ఉన్నందుకే 2017లో వచ్చిన వెర్షన్ 10లో ఆ ఫోల్డరు పేరు ఎక్స్‌లాగ్ నుంచి వాల్‌గా మార్చారు. అదే డిస్కులో ఉన్న పాత బ్యాకప్‌లను వేరేచోటికి తరలించి చోటు చేసి, సర్వర్ లేపి, స్లాట్ తీసేశాను. తర్వాతి చెక్‌పాయింట్‌కు, అంటే లాగ్‌లోవన్నీ పట్టికల్లోకి ఎక్కించడం పూర్తిచేసే ఘట్టానికి, ఫైళ్లు వాటంతటవే తగ్గాయి. ఆరున్నర దాకా చేతితోనే చీటీలు రాశాం. ఆగేముందు నమోదైన చివరి ట్రాక్టరు బరువు కిలోతో సహా ఉంది. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి.

స్లాట్ ఎంత పట్టి ఉంచవచ్చో హద్దు పెట్టే అమరిక 2020లో వచ్చిన 13 నుంచే ఉంది. మనం పెట్టకపోతే హద్దే లేదు. అప్పుడు మాది 14, నేను పెట్టలేదు. ఇప్పుడు 40 జీబీ పెట్టాను. లాగ్ ఫైలు మూసే గడువును నిమిషం నుంచి ఐదు నిమిషాలు చేశాను. హద్దు దాటితే నకలు సర్వర్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. మాకు అది రిపోర్టులకే కాబట్టి ఫరవాలేదు.

ఏ నిమిషానికైనా వెనక్కి అన్న నా మాటకూ కొంత చేర్చాలి. ఆ ఆదివారం బ్యాకప్ ఉండబట్టే అది కుదిరింది. మధ్యలో ఒక్క లాగ్ ఫైలు పోయినా అక్కడితో ఆగిపోయేది. పైగా అది వేరే కంప్యూటర్ మీద రెండు గంటల పని.

నేను దీన్ని వదలను. కానీ మాది ఒక్క మిల్లు, రోజూ పొద్దున డిస్కు చూసే మనిషిని నేనున్నాను. అలాంటి మనిషి లేనిచోట నకలు సర్వర్, స్లాట్ జోలికి పోకుండా, వారానికొక పూర్తి బ్యాకప్, బయటి డిస్కుకు లాగ్ ఫైళ్లు చాలునని ఇప్పుడు చెబుతున్నాను.